తేనెరంగు గీత

"ఇందులో నేనెక్కడున్నానండీ?"

"ప్రేక్షకులు వెనక వరసల్లో కూర్చోవాలండీ," అంది బొమ్మలమ్మాయి తల తిప్పకుండానే. ఆమె చూపంతా కచేరీ హాలు గోడమీది తెరపైనే ఉంది.

తెరమీద ఎర్రగీత ఒకటి గాలిపటంలా ఎగురుతోంది. దాని కింద పచ్చగీత, అన్నిటికంటే అడుగున నీలంగీత. స్వరం పైకి పోతే గీత పైకి పోతుంది, స్వరం సాగితే గీత సాగుతుంది. సంగీతంలో ఓనమాలు రాని పిల్లలు కూడా ఎవరు ఏం వాయిస్తున్నారో కళ్ళతో పట్టుకోవచ్చు. ఆ గీతలు గీయడమే ఆమె పని. అందుకే హాల్లో ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ ఆమెను బొమ్మలమ్మాయి అనే పిలుస్తారు.

"నేను ప్రేక్షకుణ్ణి కాదు. శనివారం ఇక్కడ వాయించేవాణ్ణి."

అప్పుడు తిరిగి చూసింది. భుజాన వాయిద్యం పెట్టె, వానకు తడిసిన జుట్టు, నవ్వాలా వద్దా అని ఇంకా తేల్చుకోని మొహం.

"వయొలిన్ మొదటిదా, రెండోదా?"

"రెండూ కాదు. వయోలా. వయొలిన్‌కి కాస్త పెద్దన్నయ్య లాంటిది, గొంతు కాస్త బొంగురు. ఆ తెరమీద దానికోసమే వెతుకుతున్నా."

వాయించేది నలుగురని బొమ్మలమ్మాయికి తెలుసు. తాను గీసిన గీతలు మూడేనని మాత్రం ఆ క్షణం దాకా తట్టలేదు. అయినా తడబడే రకం కాదు కదా!

"మీరు పచ్చగీతలో ఉన్నారు," అంది ధీమాగా.

"పచ్చగీత మా మావయ్యది. రెండో వయొలిన్."

"ఇద్దరూ సర్దుకుని ఉన్నారు. అక్కడక్కడా గీత లావైంది చూడండి. అక్కడ సౌండ్ చిక్కగా ఉందని లావు చేశా."

అతను తెరవంక చూశాడు. ఆమెవంక చూశాడు.

"ఆ చిక్కదనం నేనేనండీ," అన్నాడు.

అని పెద్దగా నవ్వేశాడు. కోప్పడినా బాగుండేది. బొమ్మలమ్మాయి చెవులు వేడెక్కాయి.

"నాకు నొటేషన్ చదవడం రాదు. రికార్డింగ్ విని చెవితో గీస్తాను. మీరు నా చెవికి అందలేదు. తప్పు రికార్డింగ్‌ది."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుందే! పోనీ లెండి, మా ఇంట్లోవాళ్ళకే అందను, మీ తప్పేముంది? మొదటి వయొలిన్ మా అమ్మ, రెండోది మావయ్య, అడుగు స్వరాలు పలికే చెల్లో నాన్న. ముగ్గురూ వాదించుకుంటుంటే అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో నేను. ఇంట్లోనూ అంతే, స్టేజీ మీదా అంతే." అతని నవ్వు కాస్త తగ్గింది. "అసలు సంగతి అది కాదు. మా అమ్మకి ఈ తెరంటేనే గిట్టదు. పిల్లలు చెవులతో వినాలిగానీ కళ్ళతో కాదంటుంది. గురువారం రిహార్సల్లో చూసి, తెర ఉండాలో వద్దో చెప్తుందట. కన్నకొడుకే తెరమీద లేడని తెలిసిందనుకోండి..."

"తెలిస్తే?"

"వైరు పీకి, చుట్టచుట్టి, మీ చేతికిస్తుంది."

బొమ్మలమ్మాయి తెరవైపు తిరిగింది. ఈ తెర ఆమెకు ఒట్టి ఉద్యోగం కాదు. రెండో క్లాసులో ఉన్నప్పుడు వాళ్ళమ్మ ఇలాంటి కచేరీకే తీసుకెళ్ళింది. ఏం జరుగుతోందో అర్థంకాక కుర్చీలో అటూ ఇటూ కదిలింది. గుమ్మం దగ్గరుండే ఆయన వచ్చి, భుజమ్మీద చెయ్యి వేసి, బయటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. మూసిన తలుపుల వెనకనుంచి చప్పట్లు వినపడ్డాయి. ఆ అవమానం ఇప్పటికీ చల్లారలేదు. శనివారం వచ్చే పిల్లల్లో ఒక్కరు కూడా అలా బయట కూర్చోకూడదని ఆమె పంతం.

"ఈరోజేం వారం?" అంది.

"సోమవారం."

"గురువారానికల్లా మిమ్మల్ని గీస్తాను. కానీ ఒక షరతు. మీ భాగం మీరొక్కరే వాయించాలి. మొదటినుంచి చివరిదాకా."

అతను కళ్ళు చిట్లించాడు. "ఒక్కణ్ణేనా? అది ఎవరూ వినరండీ. బోరు."

"నేను వింటాగా!" అంది బొమ్మలమ్మాయి. అతను పెట్టె తాళం తీశాడు.

* * *

హాలు వెనకాల ప్రాక్టీసు గది అగ్గిపెట్టెంత ఉంటుంది. రెండు కుర్చీలు వేస్తే మోకాళ్ళు తగులుతాయి. కిటికీ రేకుమీద వాన ఒకటే దరువు. ఆమె ఒళ్ళో లాప్‌టాప్, అతని భుజమ్మీద వయోలా.

మొదటి రోజు నిజంగానే బోరు కొట్టింది. ఒకే స్వరం, మళ్ళీ అదే స్వరం, కాస్త పక్కకి జరిగి మళ్ళీ అదే.

"ఇదేనా?" అంది.

"చెప్పానుగా."

"పైకి వెళ్ళరా మీరు?"

"పైన అమ్మ ఉంటుంది."

"కిందికి?"

"కింద నాన్న. నాకు అనుమతి ఈ రెండు మెట్ల మధ్యనే."

ఆమె పకపకా నవ్వింది. రెండో రోజుకి నవ్వు ఆగిపోయింది, వినడం మొదలైంది. ఆ ఒకే స్వరం నిజానికి ఒకేలా లేదు. ఒకచోట ఎవరినో బుజ్జగిస్తున్నట్టుంది. ఒకచోట దెబ్బలాడే ఇద్దరి మధ్య నిలబడి 'ఆగండాగండి' అంటున్నట్టుంది. వాయిస్తున్నప్పుడు అతని మొహంలో ఆ వేళాకోళం ఉండదు. కనుబొమలు కొద్దిగా ముడిపడి, పెదవులు బిగిసి, చాలా బాగుంటాడు. బాగున్నాడన్న సంగతి ఆమె గీతకేసి చూస్తున్నట్టు నటిస్తూ గమనించింది.

"సరే, రంగు చెప్పండి," అంది.

"ఏదో ఒకటి. అమ్మకి ఎరుపు, మావయ్యకి పచ్చ, నాన్నకి నీలం ఇచ్చేశారుగా. మిగిలిందేదైనా ఫరవాలేదు."

"మిగిలింది ఇవ్వను. మీకు కావలసింది కోరుకోండి."

అతను వయోలా వాయించే కమానును పైకీ కిందికీ తిప్పి చూసుకున్నాడు. 'నీకేం కావాలి' అని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో.

మర్నాడు తెల్లారకముందే ఆమె ఫోను మోగింది.

"తేనెరంగు," అంది అవతలి గొంతు.

"హలో? ఎవరు?"

"పచ్చగీతలో అద్దెకున్నవాణ్ణి. రాత్రంతా ఆలోచించా. తేనెరంగు కావాలి. దొరుకుతుందా?"

"దొరుకుతుంది," అంది బొమ్మలమ్మాయి దుప్పటి కప్పుకునే. ఫోను పెట్టేశాక కూడా నవ్వుతూనే ఉంది.

పక్క మంచమ్మీంచి అక్క తల ఎత్తింది. అక్క బడిలో టీచరు. శనివారం కచేరీకి రాబోయేది ఆమె క్లాసు పిల్లలే.

"తేనె అమ్మేవాడా?"

"వయోలా వాయించేవాడే."

"పొద్దున్నే ఫోను చేసి రంగు చెప్పేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. ఏం రంగో నీ మొహంలో కనపడుతోందిలే గానీ, ఒక మాట విను. మా క్లాసులో ముప్ఫై కోతులున్నాయి. వాళ్ళని గంటసేపు కదలకుండా కూర్చోబెట్టావంటే నీకు దణ్ణం పెడతా."

"కదలకుండా అని ఎవరన్నారు? కదలనీ. బయటికి పోకపోతే చాలు," అంది చెల్లెలు.

* * *

గురువారం రిహార్సల్‌కి నలుగురూ వచ్చారు. అమ్మగారు సన్నగా, నిటారుగా, మాట్లాడేటప్పుడు కూడా మెడ వంచకుండా ఉన్నారు. ఆవిడ చెవి గురించి హాల్లో కథలు చెప్పుకుంటారు. పక్కగదిలో చెంచా పడితే అది ఏ స్వరమో చెప్తారట. తప్పు ఎవరు చేసినా, ఎంత చిన్నదైనా, కమాను పైకెత్తి ఆపేస్తారు. కట్టుకున్న మొగుడైనా అంతే. నాన్నగారు చెల్లోని కౌగిలించుకుని 'ఊఁ' తప్ప మరోమాట అనకుండా కూర్చున్నారు. మావయ్య మాత్రం బొమ్మలమ్మాయిని చూసి కన్నుకొట్టినంత పని చేశాడు.

తెరమీద గీతలు వాటంతటవి నడవవు. వాయించేవాళ్ళు ఒకరోజు ఉరుకుతారు, ఒకరోజు సాగదీస్తారు. అందుకని బొమ్మలమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చుని, వింటూ, తాళానికి తగ్గట్టు స్పేస్‌బార్ నొక్కుతుండాలి. ఆమె వేలు ఎలా నడిస్తే తెర అలా నడుస్తుంది. అన్ని కచేరీల్లోనూ ఆ వేలు మొదటి వయొలిన్ వెనకే పోతుంది. ఇది ఆ పనిలో మొదటి పాఠం.

మొదటి రెండు భాగాలూ చక్కగా నడిచాయి. ఎరుపు, పచ్చ, నీలం మధ్య తేనెరంగు గీత మొదటిసారి కనపడగానే మావయ్య వాయిస్తూనే "ఓహో!" అన్నాడు. ఆఖరి భాగం మొదలైంది. అందులో మొదటి వయొలిన్ కట్లు తెంచుకుని తనిష్టమొచ్చినట్టు ఆగుతూ, ఉరుకుతూ, వయ్యారాలు పోతుంది. అమ్మగారికి పేరొచ్చిందే ఆ చోట.

కమాను పైకి లేచింది. అందరూ ఆగారు.

"అమ్మాయ్, నీ తెర నాతో రావడంలేదు."

"సారీ మేడమ్. మళ్ళీ చూద్దాం."

మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే కమాను లేచింది. ముచ్చటగా మూడోసారీ అంతే. ఈసారి అమ్మగారు వయొలిన్‌ని ఒళ్ళో పెట్టుకున్నారు.

"నేను ఆగినచోట నీ వేలు ఆగడంలేదు. నేను ఉరికినచోట ఉరకడంలేదు. అలాగని తాళం తప్పుతున్నావా అంటే అదీ లేదు. నువ్వు ఎవర్నో వింటున్నావు. నన్ను మాత్రం కాదు. ఎవర్ని?"

బొమ్మలమ్మాయి తన వేలివంక చూసుకుంది. ఈ మూడురోజులూ తాను విన్నది ఒక్క వయోలానే. చెవి దానికి అతుక్కుపోయింది. తనకే తెలియని సంగతి తన వేలు అందరి ముందూ బయటపెట్టేసింది.

"అక్కా," అన్నాడు మావయ్య, నవ్వు ఆపుకోలేక. "తెర మనవాడితో నడుస్తోంది. వెంట్రుకవాసి తేడా లేదు!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మనవాడు గబగబా కమాను వెంట్రుకలకు రోజిన్ బిళ్ళ రుద్దడం మొదలుపెట్టాడు. మెడదాకా ఎర్రబడ్డాడు.

అమ్మగారు కొడుకునీ, ఆ అమ్మాయినీ మార్చిమార్చి చూశారు. "అలాగా," అన్నారు. "పిల్లల ముందు ఇలాంటి పని వద్దు. తెర తీసేయండి."

బొమ్మలమ్మాయి లేచి నిలబడింది.

"తప్పు నాదే మేడమ్, ఒప్పుకుంటున్నా. మూడురోజులుగా ఆయన్నే విన్నాను, చెవి అక్కడే ఉండిపోయింది. కానీ చెవి అబద్ధం చెప్పలేదు. అక్కడ మీరు అంత ధీమాగా తిరుగుతున్నారంటే కింద ఒకరు కదలకుండా నిలబడ్డారనే కదా! నమ్మకపోతే ఒక్కసారి ఆయన లేకుండా వాయించి చూడండి."

మావయ్య సన్నగా ఈల వేశాడు. ఆవిణ్ణి 'వాయించి చూడండి' అన్న మనిషి ఆ హాల్లో ఇంతవరకు లేదు. అమ్మగారు వయొలిన్ ఎత్తారు.

నాలుగు అడుగులు బాగానే పడ్డాయి. ఆవిడ ఒకచోట ఆగారు, వయ్యారంగా. ఎంతసేపు ఆగారో మావయ్యకి అర్థంకాలేదు, ముందే వచ్చేశాడు. నాన్నగారు ఇద్దరిలో ఎవరితో పోవాలో తేలక మధ్యలో ఇంకోచోట దిగారు. ముగ్గురూ మూడు దారులు పట్టారు. కాసేపు పెనుగులాడి, ఆగిపోయారు.

"ఊఁ," అన్నారు నాన్నగారు. ఈసారి అందులో చాలా అర్థం ఉంది.

అమ్మగారు కొడుకువైపు తిరిగారు. "ఇన్నేళ్ళనుంచీ నువ్వు పట్టుకుంటున్నావా ఇదంతా? ఒక్కసారైనా చెప్పలేదేంరా?"

"మధ్యలో మాట్లాడే సందు ఎప్పుడిచ్చారమ్మా మీరు?" అన్నాడతను. నవ్వుతూనే అన్నాడు. కానీ ఈసారి సర్దిచెప్పే నవ్వు కాదది.

ఆవిడ కాసేపు కమాను వెంట్రుకలు సవరించుకున్నారు. తరవాత బొమ్మలమ్మాయితో, "సరే, తెర ఉండనీ. వేలు వాడి వెనకే పోనీ. కానీ ఆఖరి భాగం రెండుసార్లు వాయిస్తాం. రెండోసారి తెర ఆర్పెయ్యాలి. ఖాళీ గోడ ముందు కూడా పిల్లలు పాటతో ఉంటే నువ్వు వాళ్ళకి వినడం నేర్పినట్టు. దిక్కులు చూశారంటే వట్టి సినిమా చూపించినట్టు. అప్పుడిక నా కచేరీల్లో బొమ్మల మాట ఎత్తకూడదు," అన్నారు.

"సరే మేడమ్," అంది బొమ్మలమ్మాయి, ఆవిడ మాట పూర్తవకముందే.

* * *

హాలు బయట చూరుకింద ఇద్దరూ వాన తగ్గడంకోసం నిలబడ్డారు. అది తగ్గేట్టు లేదు. తగ్గాలని ఇద్దరిలో ఎవరికీ లేదు.

"అంత తొందరగా ఒప్పేసుకున్నారేంటండీ? పిల్లలు ఓడిస్తే?"

"ఓడించరు. గీత ఉన్నది ఎప్పటికీ చూస్తూ కూర్చోవడానికి కాదు కదా! ఒకసారి దారి తెలిస్తే చాలు, వాళ్ళే నడుస్తారు."

"నిజంగా భయం లేదా?"

"ఉంది. చచ్చేంత," అంది. "కానీ మీ అమ్మగారికి చెప్పకండి."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఇందాక మీ వేలు... అంటే, అది వట్టి అలవాటా? లేకపోతే..."

"వేలిని అడగండి."

"వేలు మీ దగ్గరుంది కదా!"

"శనివారం అయ్యాక అడగండి, చెప్తుంది," అని ఆమె వానలోకి ఉరికింది. గొడుగు చూరుకింద గోడకే ఆనించి ఉంది.

* * *

శనివారం ముప్ఫై కోతులూ వచ్చాయి. కుర్చీలు కిర్రుకిర్రుమన్నాయి, సంచులు దొర్లాయి. అక్క అటూ ఇటూ తిరిగి ఒక్కొక్కర్నీ కుదేసి కూర్చోబెట్టింది.

అమ్మగారు స్టేజీ మీదకి వచ్చి, ఎవరికీ చెప్పని పని చేశారు. "పిల్లలూ, ముందు మా అబ్బాయి ఒక్కడే వాయిస్తాడు. బాగా వినండి. తరవాత మేమంతా గోల చేస్తాం. ఆ గోలలో మీరు వీణ్ణి వదలకూడదు."

అతను తల్లివంక తెల్లబోయి చూశాడు. తరవాత వాయించాడు. తెరమీద తేనెరంగు గీత ఒక్కటే, రెండు మెట్ల మధ్య, నెమ్మదిగా నడిచింది.

"ఇంతేనా? ఈజీ!" అన్నాడొక బుడతడు. హాలంతా నవ్వింది, అతనితో సహా.

ఆ తరవాత నలుగురూ అందుకున్నారు. ఎర్రగీత ఎగిరితే పిల్లల తలలు ఎగిరాయి. నీలంగీత గుర్రుమంటే నవ్వులు. బొమ్మలమ్మాయి వేలు తడబడకుండా నడిచింది. ఆఖరి భాగం ఒకసారి అయిపోయింది. రెండోసారి మొదలవుతుండగా ఆమె ఊపిరి బిగపట్టి తెర ఆర్పేసింది.

హాలు చప్పున మసకబారింది. ఒక కుర్చీ కిర్రుమంది. ఇంకొకటి. ఎవరో దగ్గారు. అక్క వచ్చి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మధ్య వరసలో ఒక పాప లేచి నిలబడింది. గుమ్మం దగ్గరి మనిషి అటు కదిలాడు. అంతలో స్టేజీ మీదనుంచి అమ్మగారు, వాయిస్తూనే, వద్దన్నట్టు అతనికి తల ఊపారు.

పాప చెయ్యి చాచి, ఖాళీ గోడమీద ఏదో గీస్తోంది. పైకీ కాదు, కిందికీ కాదు. మధ్యలో, నెమ్మదిగా. పక్కన ఇంకో చెయ్యి లేచింది. వెనక వరసలో నాలుగు. ఒకడు ఎర్రగీత కోసం కుర్చీ ఎక్కాడు. కాసేపట్లో హాలునిండా చేతులే. అమ్మగారు తన వయ్యారం చోటుకి వచ్చి, ఆగారు. సగం చేతులు గాల్లో ఆవిడతో ఆగాయి. మిగతా సగం కొడుకుతో నడుస్తూనే ఉన్నాయి. బొమ్మలమ్మాయికి కళ్ళు మసకబారాయి. ఎవరు చూస్తే ఏమని తుడుచుకోలేదు.

చప్పట్లు ఆగాక, "తెర ఎందుకు ఆగిపోయిందక్కా?" అని బొమ్మలమ్మాయిని అడిగాడు బుడతడు.

"ఆగలేదు, నాకు కనపడుతూనే ఉంది," అంది పాప.

* * *

వాయిద్యాలు సర్దుకునే గదిలో అతనొక్కడే ఉన్నాడు. ఆమె తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"శనివారం అయింది. అడగండి."

"అడిగేది లేదు. ముందు నేను చెప్తా," అన్నాడు. "రంగు కోరుకోవడానికి ఒక రాత్రి పట్టింది నాకు. ఈసారి అంతసేపు పట్టలేదు. నాకు నువ్వు కావాలి."

బొమ్మలమ్మాయి తలుపు వదిలి అతని దగ్గరికి వచ్చింది. "నాకూ నువ్వంటే ఇష్టం. సోమవారంనుంచే. కానీ వేలికంటే నాకు ఆలస్యంగా తెలిసింది."

అతను ఆ వేలిని పట్టుకున్నాడు. తలుపు అవతల మావయ్య దగ్గాడు. దగ్గు కానే కాదది.

ఆదివారం ఆమె వాళ్ళింటికి వెళ్ళింది. ముందుగదిలో నాలుగు కుర్చీలు, నాలుగు స్టాండ్లు, అంగుళం ఖాళీ లేదు. వచ్చే నెల మళ్ళీ పిల్లల కచేరీ ఉందనీ, దానికి కొత్త రచన ఎత్తుకుంటున్నామనీ, తెర దానికీ కావాలనీ అమ్మగారు వంటింట్లోంచే కేకేసి చెప్పారు. ఆ తరవాత వచ్చి వయొలిన్ అందుకున్నారు.

"నేనెక్కడ కూర్చోను మేడమ్?" అంది బొమ్మలమ్మాయి, లాప్‌టాప్ గుండెలకి హత్తుకుని.

"మేడమ్ ఏమిటి మేడమ్? అత్తయ్యా అను. ఎక్కడైనా కూర్చో. ఎలాగూ నువ్వు వినేది వాణ్ణే కదా!"

ఆమె వంటింట్లోంచి ఇంకో కుర్చీ లాక్కొచ్చి, సందు చేసుకుని అతని పక్కనే కూర్చుంది. మోకాళ్ళు తగిలాయి. అమ్మగారు కమానుతో సైగ చేశారు, నలుగురూ మొదలుపెట్టారు. ఎత్తుగడలోనే అతను పచ్చి అపస్వరం పలికించాడు. మావయ్య వాయిస్తూనే తన అక్కవంక చూశాడు. నాన్నగారు కూడా చూశారు. కమాను పైకి లేవలేదు. అమ్మగారు ఏమీ విననట్టే వాయించుకుంటూ పోయారు.